నా రొయ్యల బొమ్మల నంబర్లు మార్చిందెవరు?

మొన్న నేను చేసిన ఘనకార్యం వింటే, మీరు నాతో టీ తాగడం కూడా మానేస్తారు. నిక్షేపంలాంటి మనిషి మీద ప్రిన్సిపల్ గారికి ఫిర్యాదు చేయబోయాను!

తెలుసుగా, నా ఎంఫిల్ థీసిస్ కృత్తివెన్ను రొయ్యల చెరువుల మీద. బందరులో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఉన్నది ఒకే కంప్యూటర్. వాడేది నేనూ, ఫిజిక్స్ ప్రసాదరావు గారూ. బొమ్మ కింద క్యాప్షన్ పెడితే వర్డే నంబరు వేస్తుందని నేర్పింది ఆయనే. "వాక్యాల్లో కూడా క్రాస్ రిఫరెన్స్ పెట్టేయండి మేడం. బొమ్మ నంబరు మారితే అక్కడా అదే మారుతుంది" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. నా థీసిస్‌లో నాకు తెలియకుండా నంబర్లు మారడమేంటండీ? వాక్యాల్లో నంబర్లన్నీ తెర మీద చూసుకుంటూ నేనే టైపు చేశాను.

ప్రింటు తీసి గైడ్ గారికిచ్చాను. మర్నాడే పిలిచారు. "ఏమ్మా, తెల్లమచ్చ రోగం సోకిన రొయ్య ఫిగర్ సిక్స్‌లో ఉందన్నావు. అక్కడ నీళ్లు తోడే ఇంజను ఉంది. రోగం ఇంజనుకా?"

తల కొట్టేసినట్టయింది. పరుగున వచ్చి ఫైలు తెరిస్తే ఫిగర్ సిక్స్ రొయ్యే! మళ్లీ ప్రింటు తీసి చూసుకోకుండానే ఇచ్చాను. మళ్లీ ఇంజనే! "సోమవారంలోగా సరైన కాపీ రాకపోతే సంతకం పెట్టను. ఈ ఏడు సబ్‌మిషన్ సంగతి మర్చిపో" అనేశారు గైడ్ గారు.

అనుమానం ఇంకెవరి మీద? ప్రసాదరావు గారి థీసిస్ ఎప్పటినుంచో మూలుగుతోంది. నేను ముందు ముగిస్తే ఆయనకి నామోషీ కదా! పైగా నన్ను చూసినప్పుడల్లా "అవుతోందా మేడం?" అని ఒక నవ్వు. ఆ నవ్వులో ఏదో ఉంది! ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టాను. ఫ్లాపీలోకి ఎక్కించి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగాను. ఓరోజు కీబోర్డు మీద జంతిక ముక్క కనిపించింది. ఆయన టిఫిన్ డబ్బాలోకి తొంగిచూస్తే జంతికలే! ఇంకేం కావాలి?

తిన్నగా ప్రిన్సిపల్ గారి దగ్గరికెళ్లాను. "నా థీసిస్‌ని ఎవరో పాడుచేస్తున్నారండీ. ఇంకొక్కసారి రూఢి చేసుకుని మధ్యాహ్నం పేరుతో సహా చెబుతాను."

తిరిగొచ్చి స్టాఫ్‌రూమ్‌లో, ప్రింటులో నంబర్లు మారిపోతున్నాయని నాలో నేనే గొణుక్కుంటుంటే, ప్రసాదరావు గారు విని వచ్చారు. "ఏదీ, మీరు ప్రింటు ఎలా ఇస్తారో నా ఎదురుగా చేయండి." ఎంత ధైర్యం! ఆయన కుర్చీని మౌస్‌కి దూరంగా జరిపించి మరీ మొదలుపెట్టాను.

ఫైలు తెరవగానే మొదటి పేజీలో వినాయకుడు. పని నిర్విఘ్నంగా సాగాలని మొదట్లోనే పెట్టుకున్నాను. బొమ్మకి క్యాప్షన్ ఉండాలన్నారు కదా, అందుకని కింద "ఫిగర్ 1: శ్రీ విఘ్నేశ్వరస్వామి" అని కూడా పెట్టాను. గైడ్ గారు చూస్తే నవ్వుతారని, ప్రింటుకి ముందు దణ్ణం పెట్టుకుని క్యాప్షన్‌తో సహా తీసేస్తాను. ప్రింటయ్యాక సేవ్ చేయకుండా మూసేస్తే, స్వామి మళ్లీ వచ్చి కూర్చుంటాడు.

ప్రసాదరావు గారు తెర వంక చూశారు. నా వంక చూశారు.

"మేడం, ఒకటో బొమ్మ తీసేస్తే రెండోది ఒకటి అవుతుంది కదండీ. ప్రింటిచ్చేటప్పుడు వర్డు ఆ నంబర్లన్నీ సరిచేస్తుంది. మీరు చేత్తో కొట్టినవి మాత్రం అలాగే ఉండిపోతాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం భోజనం కూడా మానేసి, వాక్యాల్లో నంబర్లన్నీ తీసి క్రాస్ రిఫరెన్సులు పెట్టించారు. సోమవారం సంతకం అయిపోయింది లెండి.

కానీ ఆ మధ్యాహ్నం సంగతి వినండి! ఆ కంప్యూటర్ వాడేది మేమిద్దరమే కదా, ప్రిన్సిపల్ గారు మా ఇద్దర్నీ పిలిపించారు. "చెప్పమ్మా, భయపడకు. ఎవరది? ఇప్పుడే మెమో ఇస్తాను."

పక్కనే ప్రసాదరావు గారు.

"వినాయకుడండీ" అన్నాను.

జరిగిందంతా విని, ప్రిన్సిపల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆయనకి మెమో ఇచ్చేంతటివాణ్ణి కాదమ్మా. నీకిమ్మంటావా?"