మూడు రాత్రుల వజ్రం

కుంకుడు కాయలు నానిన వాసన తగిలితే చాలు, నా చేతులు వాటంతట అవే పనిలోకి దిగుతాయి. నెల్లూరు ఆచారి వీధిలో మాదొక చిన్న వజ్రాల కొట్టు. పొద్దున్నే తలుపులు తీసి, దీపం పెట్టి, గోరువెచ్చని కుంకుడు రసం గిన్నెలో పోసుకుని కూర్చుంటాను. ముందురోజు ఎందరి వేళ్ళకో ఎక్కి దిగిన ఉంగరాలను అందులో ముంచి, మెత్తటి బ్రష్షుతో వెనకవైపు రుద్దుతాను. రాయికి జిడ్డు పట్టేది ముందు కాదు, వెనక. ఈ మధ్య దీనికి సీసాల్లో రంగురంగుల మందులు వస్తున్నాయి. నేను కొనను. కుంకుడు రసమే వాడమని నేర్పిన కామాక్షమ్మ గారు పోయి రెండేళ్ళయింది. ఆ నురగ ముందు కూర్చుంటే ఆమె ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. తలెత్తితే ఖాళీ కుర్చీ. బేరం రాకముందు గడిచే ఆ కాసేపే నాకు రోజు మొత్తంలో కష్టమైన సమయం.

కొట్టు ఆమె భర్త పెట్టింది. ఆయన పోయినప్పుడు ఆమె అమ్మేసి పుట్టింటికి వెళ్ళిపోతారని వీధిలో అందరూ అనుకున్నారట. దినాలు కాగానే వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు లేరు. కొట్టు మీదనే ఇల్లు, అందులో ఒక్కరే. వజ్రాలు అమ్మే మనిషి ఒంటి మీద ఒక్క వజ్రం ఉండేది కాదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నేను పెట్టుకుంటే మీరు నా ఏలు జూస్తారు. మీ ఏలు మీరు జూసుకోండి," అనేవారు. బుచ్చిరెడ్డిపాళెం అవతల వరి పండించుకునే ఇంటి నుంచి, డిగ్రీ పూర్తి చేసి బస్సులో వచ్చిన నన్ను ఆమె పనిలోకి తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఇప్పటికీ తెలియదు. నాకప్పుడు గాజుకీ వజ్రానికీ తేడా తెలియదు.

చేరిన కొత్తలోనే ఒక అబ్బాయి వచ్చాడు. శ్రీహరికోటలో కొత్తగా ఉద్యోగమట, నిశ్చితార్థానికి ఉంగరం కావాలన్నాడు. "ఉన్నవాటిలో పెద్ద రాయి చూపించండి మేడం," అని నా దగ్గర కూర్చున్నాడు. నేను ఉత్సాహంగా పెద్దది తీసి లైటు కింద పెట్టాను. అది ధగధగలాడింది. అతని కళ్ళూ అలాగే ఉన్నాయి. కామాక్షమ్మ గారు లేచి వచ్చి, ఆ ఉంగరంతో పాటు దానికంటే చిన్నదొకటి తెల్ల కాగితంలో పెట్టుకుని, "లైట్లు మావి నాయనా. అవి మాకే సాయం జేస్తాయి. రా, బయట జూద్దాం," అని మెట్ల మీదికి తీసుకెళ్ళారు. కొట్టు ముందున్న పందిరి నీడలో ఆ పెద్ద రాయి గంజి నీళ్ళలా మసకగా కనిపించింది. చిన్నది అక్కడ కూడా కదిలినప్పుడల్లా మెరుస్తూనే ఉంది.

"కోత బాగుంటేనే రాయి బతికుంటది. కోత లేకపోతే ఎంత బరువున్నా మొద్దే," అన్నారు ఆమె. "ఇంతకీ నువ్వు జేసుకోబోయే పాప ఏం పని జేస్తది?"

"నర్సండీ."

"అయితే రాయి ఎత్తుగా లేచి ఉండే కట్టు వద్దు. గ్లవుసు ఎక్కిచ్చుకున్నప్పుడల్లా చినుగుద్ది. పాపకి నీ మీద విసుగు పుడద్ది. ఏలి కొలత తెచ్చినావా?"

చెప్పకుండా ఇద్దామనుకున్నానని అతను నసిగాడు. "చెప్పకుండా ఇయ్యి, ఎవురు వద్దన్నారు? కొలత మటుకు తెలుసుకో. అది కూడా మధ్యానం పూట. మన ఎండలకి పొద్దున ఉన్న ఏలు మధ్యానానికి ఉబ్బుద్ది. ఇప్పుడు ఇంటికి పో. అన్నం తిని, పొడుకుని లేచినాక కూడా ఏ రాయి గుర్తుంటే అది కొనుక్కో," అని ఆమె అతన్ని పంపించేశారు. చేతికొచ్చిన బేరాన్ని మెట్ల దాకా వెళ్ళి సాగనంపే యజమానిని నేను మొదటిసారి చూశాను. ఇలాగైతే నాకు జీతం ఎక్కడి నుంచి ఇస్తారని లోపల భయం వేసింది. తరువాతి ఆదివారం ఆ అబ్బాయి అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చి చిన్న రాయినే కొన్నాడు. రాయితో వచ్చే సర్టిఫికెట్టు మీది నంబరూ రాయి అంచున చెక్కిన నంబరూ ఒకటేనా అని ఆమె వాళ్ళిద్దరి చేతా భూతద్దంలో చూపించి మరీ ఇచ్చారు. ఆ జంట ఇప్పటికీ మా దగ్గరికే వస్తారు.

మా వైపు వజ్రం అంత తేలిగ్గా ఇంట్లోకి రాదు. బంగారం అందరికీ పడుతుంది, వజ్రం మాత్రం కొందరిని ఎత్తుతుంది, కొందరిని ముంచుతుంది అని నమ్మకం. అందుకని నిశ్చితార్థపు ఉంగరాన్ని కొనేముందు మగపిల్లవాడి ఇంట్లో మూడు రాత్రులు దేవుడి గూట్లో ఉంచుతారు. ఇంట్లో అంతా సవ్యంగా ఉంటే రాయి పడినట్టు. ఏదైనా తేడా వస్తే తిరిగి తెచ్చేస్తారు. ఒకావిడ బర్రె పాలివ్వలేదని తెచ్చింది. ఇంకొకాయన బావమరిది చెప్పాపెట్టకుండా వచ్చి తిష్ట వేశాడని తెచ్చాడు. కామాక్షమ్మ గారు మారు మాట్లాడకుండా తీసుకునేవారు. వాళ్ళు వెళ్ళాక నేను నవ్వితే, "నవ్వబాక. భయపడతా పెట్టుకునే ఉంగరం దేనికి?" అనేవారు.

నాకు సంబంధం కుదిరింది ఆ రోజుల్లోనే. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న కుటుంబం. అబ్బాయి పేరు రవీంద్ర. పెళ్ళిచూపుల్లో అందరూ నా చదువూ జీతమూ అడిగితే, అతను మాత్రం, "రోజంతా వేరేవాళ్ళ ఉంగరాలు జూస్తా ఉంటే మీకేమీ అనిపించదా?" అని అడిగాడు. ఎవరూ అడగని ప్రశ్న అది. అనిపిస్తుందని చెప్పాను. అతను తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు నచ్చింది. బస్సులో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్నే తలుచుకునేదాన్ని.

ఉంగరం కొనడానికి అతనూ వాళ్ళమ్మా మా కొట్టుకే వచ్చారు. నేను అలవాటుగా బల్ల వెనక నిలబడితే, "ఇయ్యాల నువ్వే బేరం. ఆ పక్కకి పోయి కూర్చో," అన్నారు కామాక్షమ్మ గారు. అంతకాలం పనిచేసినా ఆ ఎత్తు స్టూలు మీద నేనెప్పుడూ కూర్చోలేదు. కాళ్ళు నేలకు అందలేదు. రవీంద్ర వాళ్ళమ్మ పెద్ద రాయి కావాలన్నారు. "నలుగురిలో కనపడాల గదమ్మా," అన్నారు. "కనపడేది నాలుగు రోజులు తల్లీ, పెట్టుకునేది ఈ పిల్ల," అని కామాక్షమ్మ గారు రెండు ఉంగరాలు కాగితంలో పెట్టి రవీంద్ర చేతికిచ్చి బయటికి పంపారు. అతను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నేను జూస్తే ఏం తెలుస్తది? మీరు గూడా రండి," అని నన్ను పిలిచాడు.

పందిరి కింద అతను నా చెయ్యి పట్టుకుని ఒక్కో ఉంగరమే తొడిగి, నీడలో అటూ ఇటూ తిప్పి చూశాడు. వీధిలో ఆటోలు పోతున్నాయి, పూలమ్మే ఆమె మా ఇద్దరినీ చూసి ముసిముసిగా నవ్వుతోంది. "ఇది మీ చేతికి కుదురుగా ఉండాది," అన్నాడు చిన్నదాన్ని చూసి. నాకెంత సంతోషం కలిగిందో దాచుకోవాల్సిన పని ఇప్పుడు లేదు. అంత సంతోషం మళ్ళీ కలగలేదు. లోపలికి వచ్చాక వాళ్ళమ్మ మూడు రాత్రులు పెట్టుకుని చూస్తామన్నారు. నా వేలి నుంచి ఉంగరాన్ని నేనే తీసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి ఇచ్చాను. అది రోజూ చేసే పనే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

మూడో రాత్రి గడవకముందే వాళ్ళు తిరిగి వచ్చారు. కరెంటు పోయి, రొయ్యల గుంటలో గాలి పుట్టించే ఫ్యాన్లు ఆగిపోయి, తెల్లారేసరికి పంటంతా చచ్చి తేలిపోయిందట. వాళ్ళమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రవీంద్ర చొక్కా మీద బురద ఇంకా ఆరలేదు. నాకు ముందు జాలే వేసింది. అతని చేతిలో పెట్టె చూశాక మిగతాది అర్థమైంది.

కామాక్షమ్మ గారు ఇద్దరికీ మంచినీళ్ళు ఇప్పించి, మెల్లగా అడిగారు. "పడనిది ఉంగరమా తల్లీ, పిల్లా?"

"ఇంక రెండూ ఒకటే గదమ్మా," అన్నారు రవీంద్ర వాళ్ళమ్మ.

"రాయి మారుస్తా. ఈ రాయి మళ్ళా నీ కంటికి కనపడనియ్యను."

"రాయి సంగతి కాదు. మా ఇంట్లో అందరికీ అనుమానం పడిపోయింది. ఈ పిల్ల వచ్చినాక ఇంట్లో చెంబు కింద పడినా ఈ పిల్లనే అంటారు. మాకైతే పర్లేదు, ఆ పిల్ల ఎట్టా బతుకుద్ది?" ఆవిడ ఆ మాట నా ముఖం చూసే అన్నారు. అందులో కపటం లేదు. అందుకే నాకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

"నువ్వేమంటావు నాయనా?" అని కామాక్షమ్మ గారు రవీంద్రను అడిగారు. అతను పెట్టె వైపే చూస్తున్నాడు. ఒక్క మాట, ఏదో ఒక మాట అంటాడని నేను ఎదురుచూశాను. నా బతుకంతా ఆ మాట మీద ఆగి ఉందని అతనికి తెలుసు. "అమ్మ చెప్పిందే," అని, పెట్టెను బల్ల మీద పెట్టి నా వైపు జరిపాడు. నేను తెరిచి, భూతద్దంలో నంబరు సరిచూసి, "సరిగ్గానే ఉందమ్మా," అన్నాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కామాక్షమ్మ గారు షట్టరు సగం దించి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "జనరేటర్లో డీజిలు పోసుకోకపోతే వజ్రం ఏం జేస్తది మే?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. "ఏడువు. బేరం వస్తే నేను జూసుకుంటా," అన్నారు. అతనికి నేనంటే ఇష్టం లేదా అని అడిగాను.

"ఇష్టం లేకేం? చెడ్డోడు కాదు వాడు. పెట్టె తెచ్చి ఇయ్యడం సులువు, అందుకని ఇచ్చినాడు," అన్నారు.

ఆ మాట ఆమెను కూడా వదిలినట్టు లేదు. కొద్ది రోజులకు కొట్టులో కొత్త పద్ధతి పెట్టారు. మూడు రాత్రులు పరీక్షకు కావాలంటే ఇస్తాం. కాకపోతే ఉంగరం దేవుడి గూట్లో కాదు, పిల్ల వేలికే ఉండాలి. మా ఎదుటే పిల్లవాడు తొడగాలి. పడలేదంటే ఆ పిల్లవాడే పిల్ల ఇంటికి పోయి తన చేత్తో తీసి తేవాలి. "పెట్టె మాత్రం నేనియ్యను," అని కచ్చితంగా చెప్పేవారు. కొందరు విసుక్కుని వేరే కొట్లకు పోయారు. పోనీ అన్నారు. ఉండిపోయినవాళ్ళలో తిరిగి తెచ్చేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. ఒక అబ్బాయి మాత్రం రెండో రోజే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మామయ్య బండి మీద నుంచి పడి కాలు విరిగిందట, ఇంట్లో ఉంగరం తీసేసి రమ్మన్నారట. "పొయినానమ్మా వాళ్ళింటికి. ఆ పిల్ల చెయ్యి జాపింది. తియ్యలేకపొయినా," అని చెప్పి, మిగతా డబ్బు కట్టి వెళ్ళాడు. అతను పోయాక కామాక్షమ్మ గారు నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు.

నాకు ఆ తరువాత సంబంధాలు వచ్చాయి గానీ నిలవలేదు. నోళ్ళు ఊరుకోవు కదా, రొయ్యల గుంట కథ నాకంటే ముందే అన్ని ఊళ్ళకూ చేరింది. నాన్న కొన్నాళ్ళు తిరిగి అలిసిపోయాడు. నేనూ ఇక చాలన్నాను. మధ్యాహ్నాలు కామాక్షమ్మ గారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్ళం. ఆమె తన చేపల పులుసు నాకు వేసి, నా పప్పు తను వేసుకునేవారు. నన్నెప్పుడూ కూతురని అనలేదు, ఓదార్చలేదు. రాళ్ళు చూడటం నేర్పారు. కొనేవాళ్ళ మొహాలు చూడటం నేర్పారు. ఇద్దరూ ఒకే ఉంగరాన్ని చూస్తున్నారా, ఒకరు ఉంగరాన్నీ ఒకరు దాని మీద రాసిన ధరనూ చూస్తున్నారా అన్నది గమనించమనేవారు.

జబ్బు పడ్డాక ఒక సాయంత్రం మేడ మీద మంచం పక్కన కూర్చుంటే, "విజయా, నాకు తోడు కోసమని నిన్ను ఇక్కడే కట్టేసినానా?" అని అడిగారు. లేదన్నాను. ఆమె నమ్మారో లేదో తెలియదు. "ఒంటరిగా ఉండటం అలవాటైపోద్దని చెప్తారు. నమ్మబాక. పని అలవాటైద్ది, అంతే," అన్నారు. ఆమె నాతో అబద్ధం చెప్పిన రోజు ఒక్కటీ లేదు. ఆ రోజైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇప్పుడు కొట్టు నేనే చూసుకుంటున్నాను. ఆమె పద్ధతులన్నీ అలాగే ఉంచాను. పెళ్ళి కుదిరిన పిల్లలు వస్తే పందిరి నీడలోకి తీసుకెళ్తాను, అమ్మాయి ఏం పని చేస్తుందని అడుగుతాను, మొదటిరోజు కొనొద్దంటాను. మొన్న ఒక తల్లి మూడు రాత్రుల మాటెత్తితే కొట్టు పద్ధతి చెప్పాను. ఆవిడ గొణిగింది. పిల్లవాడు మాత్రం సిగ్గుపడుతూ అమ్మాయి చెయ్యి అందుకున్నాడు. తొడగబోయి రెండుసార్లు తడబడ్డాడు. వాళ్ళు వెళ్ళాక నేను బల్ల సర్దకుండా అలాగే కూర్చుండిపోయాను.

రవీంద్రకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలని విన్నాను. సుఖంగా ఉండాలనే కోరుకుంటాను. కానీ ప్రతిసారీ ఒక అబ్బాయి ఒక అమ్మాయి వేలికి ఉంగరం తొడుగుతుంటే నాకు మా ఊళ్ళో ఇంటి వసారా కనిపిస్తుంది. కొట్టు పద్ధతి నా సంబంధం నాటికే ఉండి ఉంటే, బురద చొక్కాతో అతను అక్కడికి రావలసి వచ్చేది. నేను చెయ్యి చాపేదాన్ని. అతను తీయలేకపోయేవాడు.