వెనుక సీటులో పూల నిషేధం

ఈ విషయాన్ని వ్రాసి ఉంచవలసిన అవసరం మా బంధువర్గం వల్ల కలిగింది. హనుమాన్ జంక్షన్‌లో జరిగిన ఒక పెళ్ళికి నేను నా భార్యను, నా చెల్లెలిని ఆటోలో పంపి, నేను మాత్రం ఖాళీ కారులో దర్జాగా వెళ్ళానని గుడివాడ మొదలు మచిలీపట్నం వరకు చెప్పుకుంటున్నారు. ఆటో నిజమే. ఖాళీ కారూ నిజమే. దర్జా మాత్రం అబద్ధం. దారిలో బస్సు కిటికీలోంచి మమ్మల్ని చూసిన బంధువు ఒకరు, ముందు జరిగినదీ తరువాత జరిగినదీ విచారించకుండా, చూసిన ముక్కనే కథగా చలామణీ చేశారు. అందుచేత జరిగినది జరిగిన వరుసలో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి విరమించినవాడిని. నా ఉద్యోగ జీవితంలో అధికభాగం కాలువల్లో గుర్రపుడెక్క తీయించడంలోనే గడిచింది. ఏ తూముకు చెత్త అడ్డుపడినదని తెలిసినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆ స్వభావం నాతోపాటు పదవీ విరమణ చేయలేదు. కారుకు బదిలీ అయింది.

మాది హైబ్రిడ్ కారు. పెట్రోలు ఇంజను ఒకటి, వెనుక సీటు కింద పెద్ద బ్యాటరీ ఒకటి, రెండూ వంతులు వేసుకుని బండిని నడిపిస్తాయి. రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటినా నా కారు చెప్పినమాట వినేది. అయితే ఆ పెద్ద బ్యాటరీ పోయిన రోజున కారు అమ్మివేయవలసినదేనని, ఈ వయసులో మరొకటి కొననివ్వబోమని మా పిల్లలు ముందుగానే తీర్మానించి ఉన్నారు. అంటే బ్యాటరీకి ఊపిరి ఉన్నంతకాలమే నేను డ్రైవరును. నేను డ్రైవరుగా ఉన్నంతకాలమే మా ఆవిడా నేనూ కలిసి ఎక్కడికైనా బయలుదేరగలం. ఆవిడ ముందు సీటులో కూర్చోదు. అక్కడినుంచి నా డ్రైవింగు కనబడుతుందట. వెనుక కుడివైపు, సరిగ్గా నా వెనుక, బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఏసీ పెంచమని ఒకసారి, నెమ్మదిగా పోనివ్వమని ఒకసారి చెబుతూ వస్తుంది.

ఒక వేసవిలో మీటరు మీద హెచ్చరిక దీపం వెలిగింది. ఆటోనగర్‌లో నాకు నమ్మకమైన మెకానిక్ సాయిబుగారి వద్దకు తీసుకువెళ్ళాను. మా ఆవిడ కూడా వచ్చింది. ఆయన వెనుక సీటు విప్పి, బ్యాటరీని చల్లబరిచే ఫ్యానును బయటకు తీశారు. వెనుక సీటుకు కుడివైపు, మోచేతి దగ్గర, జల్లెడ వంటి మూత ఒకటి ఉంటుందని, బండి లోపలి గాలినే ఆ దారిన లాగి ఫ్యాను బ్యాటరీకి అందిస్తుందని వివరించారు. ఆ తరువాత ఫ్యాను రెక్కల నుంచి ఒక్కొక్కటిగా తీసి పాత పేపరు మీద పరిచారు: ఎండిన మల్లెలు, వన్నె తగ్గిన కనకాంబరాలు, మరువం పుల్లలు, వాటిని కట్టిన దారం, రెండు తలపిన్నులు.

"ఎలకలు గూడు కట్టిన బండ్లు చూశాను సార్. రోజూ పెళ్ళి జరిగే బ్యాటరీని మాత్రం ఇదే చూడటమండీ," అన్నారాయన.

నాకు నవ్వు రాలేదు. నా కళ్ళ ముందు గుర్రపుడెక్కతో పూడుకుపోయిన తూము కనిపించింది. మా ఆవిడ మాత్రం వంగి, మరువం పుల్ల ఒకటి తీసి వాసన చూసి, అది మచిలీపట్నం గృహప్రవేశం నాటిదని నిర్ధారించింది. ఇంటికి వచ్చాక ఫోనులో ఈ సంగతి విన్న మా చెల్లెలు, గృహప్రవేశంలో అసలు మరువమే లేదని, అది కంకిపాడు సీమంతం తాలూకుదని వాదించింది. పదార్థం దొరికిన చోటు గురించి ఆ ఇద్దరిలో ఒక్కరికీ చింత లేదు.

మరొకసారి వేడెక్కితే బ్యాటరీ మీద ఆశ వదులుకోవలసిందేనని సాయిబుగారు హెచ్చరించి పంపారు. ఆ సాయంత్రమే నేను నిబంధన ప్రకటించాను. తలలో పూలున్న వారెవరూ వెనుక సీటులో కూర్చోరాదు.

మా ఆవిడ కోపగించుకోలేదు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఏం చేయమంటారని మాత్రం అడిగింది. నేను అప్పటికే ఆలోచించి ఉన్నాను. పూలు డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచుకుని, మండపం దగ్గర దిగిన తరువాత పెట్టుకోవచ్చునని చెప్పాను.

"జడ సీట్లో, పూలు డిక్కీలో. బాగుందండీ," అన్నది. ఆపైన, "నేనిక ఆ కారెక్కను. మీరూ మీ బ్యాటరీ చల్లగా ఉండండి," అన్నది.

అన్నమాట నిలబెట్టుకున్నది. గవర్నర్‌పేటలో చీరల కొట్టుకు ఆటోలో వెళ్ళింది. డాక్టరు దగ్గరకు సిటీ బస్సులో వెళ్ళింది. నేను కారులో ఒంటరిగా వెళ్ళి కూరలు తెచ్చేవాడిని. కారు ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉన్నది. అయితే నెమ్మదిగా పోనివ్వండనే మాట వెనుకనుంచి రాకపోవడంతో నేను ఎంత వేగంగా పోతున్నదీ నాకు తెలియకుండా పోయింది. అన్నేళ్ళలో మొదటిసారి మీటరు చూసి నడపవలసి వచ్చింది. రైతుబజారు నుంచి తిరిగి వస్తూ, ఈ విధంగా కాపాడిన బ్యాటరీని నేను ఎవరి కోసం కాపాడుతున్నానని ఒకనాడు నాకు సందేహం కలిగింది. నిబంధన మాత్రం సడలించలేదు.

అంతలో ఆ పెళ్ళి వచ్చింది. మంచి ఎండాకాలం. మా చెల్లెలు తెల్లవారగానే మల్లెపూల బుట్టతో దిగి, వదినకూ తనకూ మూరలకొద్దీ కట్టింది. సాధారణంగా వదినా ఆడపడుచులకు ఉప్పు పులుసుల మీద కూడా ఏకాభిప్రాయం ఉండదు. ఆ రోజు ఇద్దరూ ఒక్కమాట మీద ఉండి, పెద్ద ఆటో ఒకటి మాట్లాడుకున్నారు. మాతో రావలసిన మూడవ వ్యక్తి మా పక్కింటి టీచరమ్మగారు. వారు క్రైస్తవులు, పూలు పెట్టుకునే అలవాటు లేనివారు. నా నిబంధన ప్రకారం సంపూర్ణ అర్హత గల ప్రయాణికురాలు. నేను స్వయంగా వెనుక తలుపు తెరిచాను. ఆమె ఎక్కి, చేతిసంచి ఒడిలో పెట్టుకుని, ఆటో వైపు చూశారు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. పూలు లేవని నాకు కారు, ఉన్నాయని వాళ్ళకి ఆటో అంటే బాగోదండీ," అని దిగి వెళ్ళిపోయారు.

ఆ విధంగా కారు ఖాళీ అయింది. హైవే మీద ఆడవారిని ఆటోలో ఒంటరిగా వదలడం ధర్మం కాదు కనుక నేను వారి వెనుకనే బయలుదేరాను. ఆ ఆటోకు చివరి సీటు వెనక్కు తిరిగి ఉంటుంది. కాబట్టి ఆ ముగ్గురూ దారి పొడుగునా నా అద్దానికి ఎదురుగా కూర్చున్నారు. మా ఆవిడ నా తలకు పైన ఉన్న ఆకాశాన్ని చూసింది. మా చెల్లెలు మురుకులు తింటూ, ఒకటి నాకు చూపించి తాను తిన్నది. గాలికి వారి జడల్లోని మల్లెలు రాలి ఎగిరివచ్చి నా అద్దానికి అంటుకున్నాయి. నేను వైపర్లు వేశాను.

నేనొక్కడినే కనుక ఏసీ అనవసరమని, ఆపితే బ్యాటరీకి శ్రమ తగ్గుతుందని భావించి, ఏసీ కట్టివేసి అద్దాలు దించాను. గన్నవరం దాటిన తరువాత హెచ్చరిక దీపం మళ్ళీ వెలిగింది. పూలు లేవు, ప్రయాణికులు లేరు, అయినా వెలిగింది. కారు నీరసించింది. రోడ్డు వారకు తీసి ఆపాను. ఎదుట ఆ మూడు ముఖాలు క్రమంగా చిన్నవై, చుక్కలై, లారీల మధ్య కలిసిపోయాయి.

ఇక కారు పని అయిపోయినదని నేను నిశ్చయించుకున్నాను. సాయిబుగారికి ఫోను చేశాను. ఆయన మొదట అడిగినది ఏసీ వేశారా అని. నేనొక్కడినే ఉన్నానని జవాబు చెప్పాను.

"ఒక్కరెక్కడ సార్? వెనకాల బ్యాటరీ ఉంది కదండీ. అది పీల్చేది కూడా లోపలి గాలే. మీకు ఉక్కపోస్తే దానికీ ఉక్కపోస్తుంది," అన్నారు. తలుపులు తెరిచి, బండి చల్లారాక ఏసీ నిండుగా వేసి కదలమన్నారు.

ఫోను పెట్టేసి తల ఎత్తేసరికి మూడు ముఖాలు మళ్ళీ పెద్దవవుతున్నాయి. ఆటో రోడ్డు అంచున వెనక్కు నడుచుకుంటూ వస్తున్నది. హైవే మీద అది పూర్తిగా నిబంధనలకు విరుద్ధం. నేను ఆ మాట అనలేదు. సాయిబుగారు చెప్పినది మాత్రం అక్షరం పొల్లుపోకుండా వారికి వినిపించాను.

మా ఆవిడ విన్నది. "ఇన్నేళ్ళూ ఏసీ పెంచండి, పెంచండి అని మొత్తుకుంటే, నా ఒక్కదాని సుఖానికే అనుకున్నారు కదూ," అన్నది.

ఏసీకీ బ్యాటరీకీ సంబంధం ఉందని ఆవిడకు అప్పటిదాకా తెలియదని నాకు తెలుసు. అయినా ఖండించడానికి నా వద్ద ఆధారం లేదు. జల్లెడ పక్కన పూలు లేనిదాన్ని నేను కూర్చుంటానని టీచరమ్మగారు అన్నారు. నిబంధన సంగతేమిటని చెల్లెలు నన్ను అడిగింది. వెనుక సీటు మొత్తానికి కాదు, కుడివైపు చివరకు మాత్రమే వర్తిస్తుందని సవరించాను. మా ఆవిడ ఇంకొంచెంసేపు ఎండలో నిలబడి, తరువాత ఎడమ తలుపు తీసి ఎక్కింది. ఏసీ చివరిదాకా తిప్పాను. దీపం ఆరిపోయింది. పెళ్ళి భోజనం పెట్టిస్తామని ఆడవారు ముందే మాట ఇచ్చి ఉన్నందున ఆటో డ్రైవరు ఖాళీ ఆటోతో మా వెనుకనే మండపానికి వచ్చాడు.

బ్యాటరీలు, ఫ్యాన్లు తెలిసిన పాఠకులు నా వివరణలో దోషాలుంటే సరిదిద్దగలరు. మరువం ఏ శుభకార్యం నాటిదో రుజువు చేయగలవారు కూడా వ్రాయవచ్చును. ఆటోను వెనక్కు తిప్పమన్నది ఎవరన్నది మాత్రం ఇంతవరకు తేలలేదు. డ్రైవరు తనంతట తానే వచ్చాడని మా ఆవిడ అంటుంది. కారు కనుమరుగు కాగానే వదినే అతని భుజం తట్టిందని చెల్లెలు అంటుంది. నేను చెల్లెలి మాటనే సత్యంగా స్వీకరించాను. అది పొరపాటని ఎవరి వద్దనైనా తిరుగులేని సాక్ష్యం ఉన్నట్లయితే, బంధువులకు చెప్పే ముందు దయచేసి నాకు తెలియజేయవలసినదిగా కోరుతున్నాను.