వేరే గిలాస

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. అణువుల సంగతి పక్క గదిలో సైన్సు సారు చూసుకుంటాడు, నాకు వాటితో ఏ పేచీ లేదు. అణుశక్తి అంటే నాకు తెలిసిందల్లా టీవీలో చూపించే బాంబు పొగ, ఇంకా నల్లమలలో యురేనియం తవ్వొద్దని మా నాగర్‌కర్నూలు వైపు జనం చేసిన ధర్నాలు. వాటికీ, అమరచింతలో మా వంటింటి కంచాలకూ సంబంధం ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

పాపకు మూడేళ్లు నిండిన ఏడాది నాకు థైరాయిడ్ ముదిరింది. తిన్నది ఒంటికి పట్టదు, గుండె దడ, సుద్దముక్క పట్టుకుంటే చేయి వణుకు. కోపం సరేసరి. అంతకుముందు లేదని కాదు, కాకపోతే అప్పుడు దానికో జబ్బు పేరు దొరికింది. గద్వాల డాక్టరు ఇచ్చిన మాత్రలు కొన్నాళ్లు పనిచేసి తర్వాత మొరాయించాయి. ఆయనే హైదరాబాదు పంపించాడు.

అక్కడి పెద్ద దవాఖానలో డాక్టరమ్మ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. గొంతులో ఉండే ఆ గ్రంథి అయోడిన్ కనబడితే చాలు లాగేసుకుంటుందట. అందుకని రేడియోధార్మిక అయోడిన్ తాగిస్తారట. అది నేరుగా వెళ్లి గ్రంథిలో కూర్చుని, అతిగా పనిచేస్తున్న కణాలను లోపలి నుంచే చంపుతుందట. కోత లేదు, కుట్టు లేదు. ఆ మందు తయారయ్యేది అణు రియాక్టర్‌లో అని కూడా చెప్పింది. బాంబు పొగ గుర్తొచ్చి, ఆ అణువేనా అని రెండుసార్లు అడిగాను. తీరా చూస్తే తాగాల్సింది గుక్కెడు, దానికి రుచీ లేదు వాసనా లేదు.

అసలు సంగతి తాగాక చెప్పింది. "కొన్నాళ్లు మీ ఒంట్లోంచి కిరణాలు వస్తాయి. పెద్దవాళ్లు కాస్త దూరంగా మసిలితే చాలు. చిన్నపిల్లల గొంతు, కడుపులో బిడ్డ గొంతు మాత్రం చాలా నాజూకు. పాపను ఎత్తుకోవద్దు, పక్కలో పడుకోబెట్టుకోవద్దు. మీ కంచం, గ్లాసు, బట్టలు వేరుగా ఉంచండి. పది రోజులు ఓపిక పట్టండి."

ఆ పది రోజులూ తల్లిగారింటికి పోదామంటే, తిమ్మాజిపేటలో మా వదిన నిండు నెలలతో ఉంది. కాబట్టి మా ఇంటికే వెళ్లాలి. కారు మాట్లాడుకుని, మా ఆయన ముందు సీట్లో, నేను వెనక సీటు మూలన కూర్చుని బయలుదేరాం. కొత్తకోటలో చాయ్‌కి ఆపినప్పుడు కూడా నేను దిగలేదు. డ్రైవరు మావైపు మార్చి మార్చి చూసి, "అన్నా, అక్కకు నీకు ఏమన్న లొల్లి అయ్యిందా?" అని అడిగాడు. "లొల్లి అయితే గీ జర దూరం సరిపోతదా తమ్మీ?" అన్నాడు మా ఆయన. జబ్బు మొదలయ్యాక నేను మనసారా నవ్వింది అప్పుడే.

ఇంట్లో మా అత్తమ్మ ఉంది. పొలం కూలీకి పోయి, మా మామతో కలిసి పూణె దాకా మట్టిపనులకు పోయి కొడుకును చదివించిన మనిషి. ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా పాడుతుంది, రాగం సంగతి దేవుడే చూసుకోవాలి. ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటే. ఇది నా కంచం, అది నీ గిలాస అనే మాట ఇంట్లో వినబడకూడదు. పెళ్లైన కొత్తలో మా అమ్మ నా పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు కంచంలో నేను తింటుంటే, "గిట్లాంటివి మా ఇంట్ల నడవవు" అని దాన్ని మిగతా కంచాల్లో కలిపేసింది. ముసలివాళ్ల చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

ఇల్లు చేరగానే నేను పక్క గదిలోకి వెళ్లిపోయాను. గుమ్మం లోపలి నుంచే మా ఆయనతో, "నాకొక కంచం, గిలాస పక్కకు పెట్టు" అన్నాను. వంటింట్లో అత్తమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఏందీ?"

"డాక్టర్ చెప్పిందమ్మా, పది దినాలు" అన్నాడు మా ఆయన.

"డాక్టర్ చెప్పని, దొర చెప్పని. నా ఇంట్ల గిలాస పక్కకు వెట్టుడు లేదు. నేను బతికుండంగ కానియ్య."

ఆయన ఏదో చెప్పబోతుంటే వినకుండా అందరూ తినే కంచంలోనే అన్నం పెట్టుకుని నా గదిలోకి వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని పాప. రెండు రోజుల తర్వాత నన్ను చూసిందేమో, కొంగు వదిలి చేతులు చాపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. నేను గోడకు అతుక్కుపోయి, "రావొద్దు!" అని అరిచాను. అంత గట్టిగా నేను బడిలో కూడా ఎన్నడూ అరవలేదు. పిల్ల బిత్తరపోయి నిలబడింది. మా ఆయన దాన్ని ఎత్తుకుని, అత్తమ్మను కూడా బయటికి తీసుకుపోయాడు. నేను తలుపు వేసుకున్నాను. పాప వచ్చి చిన్న చిన్న చేతులతో తలుపు బాదింది, "అమ్మా, తియ్యి" అని. లోపల నేను నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

"తల్లి దగ్గరికి పిల్లను రానియ్యవు. నీ గిలాస నువ్వే వేరు వెట్టుకుంటవు. ఏం చదువు సదివినవే పిల్లా?" అంది అత్తమ్మ తలుపు అవతలి నుంచి.

"అత్తమ్మా, నువ్వు పిల్లను పట్టుకోకపోతే నేను ఎక్కడికి పోవాలె? దాని గొంతుకు ఏమన్న అయితే నేను బతుకుతనా?" అన్నాను. నాకు నిజంగానే వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఆమె ఒక్కతే పాపను ఆపగలదు, ఆమే తీసుకొస్తోంది.

కొంతసేపటికి పాప ఏడుపు సన్నగిల్లింది. అత్తమ్మ ఒడిలో నిద్రపోయినట్టుంది. అప్పుడు అత్తమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆకుకూరల ధర చెప్పినట్టు, కోపం లేకుండా, కన్నీళ్లు లేకుండా చెప్పింది.

"నీ మొగడు కడుపుల ఉండె. పల్లికాయ పీకి పీకి నడుం వడిపోతుండె. హోటల్ల చాయ్ తాగాల్నంటే మన గిలాసలు బయట గోడ సందుల ఉంటుండె. రెండు మాట్ల కడుగుదుము. తాగకముందు చీమలు పోవాల్నని, తాగినంక వాళ్లు సూస్తుంటరని. చాయ్ పైకెంచి పోస్తుండె, చెయ్యి మీద వడితే కాలుతుండె. ఆ పొద్దే అనుకున్న, నాకొక ఇల్లంటూ ఉంటే అండ్ల ఎవ్వరి గిలాస వేరు ఉండొద్దని."

ఇది నాకు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదట. చాదస్తం అనుకున్న నా బుద్ధికి సిగ్గేసింది. అయినా తలుపు తీయలేదు.

"అత్తమ్మా, అది వేరు, ఇది వేరు. ఈ మందుకు కులం తెల్వదు, ఎవ్వరు తాగినా గింతే. పొద్దు పొద్దుకు దాని జోరు తగ్గుతది. వారం దాటేసరికి సగమైతది, ఇంకో వారానికి అండ్ల సగం. మూత్రంతోని కూడ బయటికి పోతుంటది. మనం ఏం చెయ్యనక్కర లేదు, దానంతట అదే పోతది."

అత్తమ్మ తలుపు దగ్గరికి జరిగినట్టుంది.

"దానంతట అదే పోతదా?"

"పోతది."

"ఎన్ని దినాలల్ల అనేది కూడ చెప్పిన్రా?"

"చెప్పిన్రు."

"మాకు ఎవ్వరు చెప్పలే బిడ్డా" అంది. లేచి పాపను భుజాన వేసుకుని వెళ్లిన అడుగుల చప్పుడు వినిపించింది.

తెల్లవారి తలుపు తీస్తే గుమ్మం దగ్గర ఒక కంచం, ఒక గిలాస ఉన్నాయి. అత్తమ్మే తీసి పెట్టింది. ఆ రోజు నుంచి చాయ్ తెచ్చినప్పుడల్లా వంగి, గిలాసను రెండు చేతులతో నేల మీద పెట్టి, నేను తీసుకునేదాకా వాకిట్లో నిలబడేది. ఇరుగుపొరుగు ఆరా తీస్తే, "మా కోడలు మందు తాగింది. దానికి గడువు ఉన్నది, అయిపోతది" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది. మా ఆయన రోజూ సాయంత్రం గద్వాల నుంచి, విత్తనాల దుకాణం పని ముగించుకుని వచ్చి, "లైటు తీసేద్దామా, నువ్వే వెలుగుతవు కదా" అని కిటికీ దగ్గర ఎకసెక్కాలాడేవాడు. పాపకు అత్తమ్మ గడప అవతల కూర్చోవడం నేర్పింది. ముగ్గుపిండితో గీత గీసి, అక్కడి నుంచే నాకు బొమ్మలు చూపించమంది. మొదటి రెండు రోజులు పాప గీత దాటబోయి ఏడ్చింది. తర్వాత అలవాటు పడింది. అలవాటు పడినందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

గడువు తీరిన రోజు పొద్దున్నే తలస్నానం చేసి, పక్క గుడ్డలన్నీ ఉతికేసి, తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాను. "రా బిడ్డా, అయిపోయింది" అని పిలిచాను. పాప వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చి, గడప దగ్గర రెండు కాళ్లూ దగ్గరికి పెట్టి ఆగిపోయింది.

"అమ్మా, నేను రావొచ్చునా?"

"రావొచ్చు."

రాలేదు. వెనక్కి తిరిగి వాళ్ల నానమ్మ ముఖంలోకి చూసింది. చాయ్ హోటల్ సంగతి చెప్పినప్పుడు గొంతు కూడా వణకని అత్తమ్మ, ఉన్నపళాన అరుగు మీద కూలబడి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పది దినాలకే నేర్చుకున్నదే పిల్ల" అంది వెక్కుతూ. "గింత జల్ది నేర్చుకున్నదే."

నా గొంతులో మందు జోరు తగ్గింది గానీ, పాప కాళ్లు నేర్చుకున్నది దానంతట అదే పోదని అప్పుడు తెలిసింది. భయం కూడా వేసింది. నేనే లేచి గడప దాటి, దాన్ని ఎత్తుకున్నాను. ఒళ్లంతా బిగదీసుకుని ఉంది. చాలాసేపటికి గానీ దాని చేతులు నా మెడ చుట్టూ రాలేదు.