ముందు అడిగి తరవాత రాసే మనిషి

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయిందట. నమ్మబుద్ధి కాలేదు. నిద్రలో కూడా కుదురుగా ఉండని మనిషి ఆవిడ. అప్పటినుంచి నేనూ ఒకచోట నిలవలేకపోతున్నాను. ఎవరినో ఏదో అడగడం మరిచిపోయినట్టు కూర్చున్నదాన్ని లేచిపోతున్నాను.

గజపతినగరం రిజిస్ట్రార్ ఆఫీసులో పని పడ్డవాళ్లు ఆవిడను చూసే ఉంటారు. ఎదురుగా చిన్న గదిలో దస్తావేజులు రాసేది. నేను కంప్యూటర్లో టైపు చేసేదాన్ని. పాత దస్తావేజు తెరిచి, పేర్లు మార్చి ప్రింటు తీయడం అందరిలాగే మాకూ అలవాటు. ఒకసారి ఒకాయన అమ్మకం దస్తావేజులో వేరెవరి తండ్రి పేరో ఉండిపోయింది. సంతకాల ముందు అత్త కంట పడింది కాబట్టి సరిపోయింది.

"ఒసే, అడగాల్సినవన్నీ ముందే అడిగేస్తే మిగతాది నీ కంప్యూటరు రాసుకోలేదేటి?" అంది ఆ సాయంత్రం.

రాసుకోగలదు. ఆ వేసవంతా అలాంటి ప్రోగ్రాం తయారుచేయడమే నా పని. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, వరస ఏమిటి, హద్దులేమిటి అని తెర మీద ఒక్కో ప్రశ్న వస్తుంది. అమ్మకమంటే కొన్ని ప్రశ్నలు, దానమంటే వేరే. జవాబులు నింపితే దస్తావేజు దానంతటదే తయారవుతుంది. ఒకసారి కొట్టిన పేరు ఎక్కడెక్కడ రావాలో అక్కడల్లా వచ్చి కూర్చుంటుంది. నేను మురిసిపోయాను. అత్త మాత్రం నా కుర్చీ వెనక పచార్లు చేస్తూ, "ఇంకేదో ఉండిపోనాదే, ఏటది?" అనేది.

ఒకరోజు ఒక ముసలి రైతు తన ఇల్లు కొడుక్కి రాసిస్తానని అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రశ్నలన్నిటికీ కొడుకే జవాబులు చెప్పాడు. నేను ప్రింటు తీయబోతుంటే అత్త ఆపి, ముసలాయన పక్కన కూర్చుంది.

"మావా, ఇది రాసిచ్చీసాక నువ్వెక్కడ తొంగుంటావు?"

ఆయన కొడుకు వైపు చూశాడు. "ఆడెక్కడ తొంగోమంటే అక్కడేనమ్మా."

"బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉంటానని ఒక ముక్క రాయిస్తావా?"

కొడుక్కి కోపం వచ్చింది. "మా ఇంటి సంగతి నీకేల?" అని తండ్రిని లేవదీసుకుని వెళ్లిపోయాడు.

అత్తకు అన్నం సయించలేదు. "ఇంకోడి దగ్గర రాయించీసుంటాడే" అని బస్సు దిగే ప్రతి ఒక్కరినీ చూసేది. ఆ వారంలోనే ఇద్దరూ తిరిగొచ్చారు. "మా అయ్య ఇంకెక్కడా సంతకం ఎట్టనంటన్నాడు. నీ ఇష్టం వచ్చినట్టే రాయి" అన్నాడు కొడుకు, ముఖం పక్కకు తిప్పుకుని. రాశాం. ముసలాయన చివరిదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడని తరవాత తెలిసింది.

ఆ ప్రశ్నను దాన దస్తావేజులన్నిటికీ చేర్చమంది అత్త. జవాబు ఖాళీగా వదిలితే ప్రింటు రాకుండా చేయమంది. "కొడుకు మంచోడైనా సరే, అడగాల. మంచోడైతే సెప్పడానికేటి బాధ?"

ఇప్పుడు ఎవరు వచ్చినా కంప్యూటరు వరసగా అడుగుతుంది. ఏ ప్రశ్న మిగిలిపోయిందో వెతికే మనిషే లేదు. ఆ భయం నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఆవిడను నేను చివరిసారి చూసింది విజయనగరం బస్సులో. నేను రోడ్డు మీద ఉన్నాను. వెనక సీట్లన్నీ ఖాళీ. అయినా అత్త డ్రైవరు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడి, ముందుకు వంగి, పెదాలు కదుపుతూ అద్దంలోంచి దారినే చూస్తోంది. చెయ్యి ఊపాను. చూడలేదు. బస్సు మలుపు తిరిగింది.