మా బండి ఒగ్గేస్తంది

హైవే దాటుతుండగా, సరిగ్గా రోడ్డు మధ్యలో, మా బండి ఒకసారి దగ్గి ఆగిపోయింది. వెనక సీట్లో మా ఆవిడ ఉంది. కుడివైపు నుంచి లారీ వస్తోంది. స్టార్టర్ నొక్కాను, పలకలేదు. మళ్ళీ నొక్కాను. చివరికి రెండు కాళ్ళతో నేలను తన్నుకుంటూ డివైడర్ దాకా తోశాను. లారీ హారన్ మోగిస్తూ మా వెనకనుంచి వెళ్ళిపోయింది. ఆ గాలికి ఆమె కొంగు నా మొహాన్ని కప్పేసింది.

ఆమె నా మేనమామ కూతురు. పెళ్ళయి పదేళ్ళయినా బావా అనే పిలుస్తుంది, తిట్టాలనుకుంటే ఆలోచించదు. ఆ రోజు మాత్రం తిట్టలేదు. కిందికి దిగి, చేతిసంచీ గుండెలకి హత్తుకుని, "ఇది బాగైనదాకా నానెక్కను బావా. ఎక్కమని అడక్కు" అంది. అరసవల్లిలో ఇంటి నుంచి బయల్దేరి, ఆమెను తను పనిచేసే బడి దగ్గర దింపి నేను కాలేజీకి పోవడం మాకు రోజూ ఉన్నదే. అరగంట ప్రయాణంలో ఆమె నా చెవిలో చెప్పే కబుర్లే ఆ రోజుకి మేమిద్దరం మాట్లాడుకునే నాలుగు మాటలు. అవి పోయాయి. నాకు భయం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

బండి కొన్నది విజయనగరంలో. కొన్నచోటే అడగాలన్నది నా పట్టుదల. ఆగి, కాస్త చల్లారాక మళ్ళీ కదిలే ఆ బండి మీదే అంతదూరం, ఏ క్షణాన ఆగుతుందోనని హ్యాండిల్ బిగించి పట్టుకుని వెళ్ళాను. షోరూములో బండి కంప్లయింటు రాసుకునే అడ్వైజర్ కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చాడట. మాటమాటకీ అండి అంటాడు. నేను మా ఊరి మాటలో చెప్పాను. "బాగానే నడుస్తాది, మజ్జిలో ఒగ్గేస్తంది. అదీ దీని రోగం." అతను తలూపి కంప్యూటర్లో కొట్టి కాగితం ఇచ్చాడు. చదవకుండా సంతకం పెట్టకూడదని పిల్లలకి పాఠం చెప్పే నేను, చదవకుండా సంతకం పెట్టాను.

సాయంత్రానికి బండి ఇచ్చారు. దారిలోనే ఆగింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అదే మాట చెప్పాను, మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. తిరిగొచ్చిన ప్రతిసారీ క్లచ్ పట్టు మాత్రం కొత్తగా ఉండేది. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

శ్రీకాకుళంలో నాకు తెలిసిన ముసలి మెకానిక్ బండిని చాలాసేపు నడిపించి, ఇంజన్ కాలుతుండగా చెవి పెట్టి విన్నాడు. "ఇంజెక్టర్ పోనాది బాబూ. పెట్రోలు సిమ్మే ముక్క. వేడెక్కితే సిమ్మడం మానేస్తంది. నాను ముట్టుకుంటే ఆళ్ళు వారంటీ ఒప్పుకోరు. బేగి ఎల్లి మార్పించుకో" అన్నాడు. చూస్తే వారంటీకి తొమ్మిది రోజులే మిగిలాయి.

నాలుగోసారి వెళ్ళి ఇంజెక్టర్ మార్చమన్నాను. అడ్వైజర్ తెర చూసి, "మూడుసార్లూ క్లచ్ కంప్లయింటే ఉందండి. బండి ఆగినట్టు ఎక్కడా లేదండి. కంపెనీ ఒప్పుకోదండి" అన్నాడు.

"క్లచ్చా? క్లచ్చని నేనెప్పుడన్నాను?"

"మీరే చెప్పారు కదండీ, వదిలేస్తోందని. పట్టు వదిలేది క్లచ్చే కదండీ."

ఒగ్గేయడమంటే వదిలేయడమే, కాదనను. కానీ బండి మజ్జిలో ఒగ్గేసిందంటే, మనల్ని నడిరోడ్డు మీద వదిలేసి అది చచ్చిపోయిందని. ఇక్కడ పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. ఈ మనిషి ఎవరినీ అడగలేదు. నేనూ విప్పి చెప్పలేదు. కానీ ఆ రెండో సంగతి అప్పుడు నాకు తోచలేదు. కౌంటర్ మీద చేత్తో కొట్టి, షోరూమంతా తిరిగి చూసేలా అరిచాను.

అతను ఎర్రబడ్డ మొహంతో, "ఆగడం నేను కళ్ళారా చూస్తే ఈరోజే రాసి పంపుతానండి" అన్నాడు.

"ఎక్కు" అన్నాను.

ఊరు దాటాక రెండు దారులున్నాయి. ఒకటి పొలాల్లోకి పోయే ఖాళీ రోడ్డు. రెండోది లారీలు తిరిగే రోడ్డు. నేను రెండోదాంట్లోకి తిప్పాను. ఇంజన్ వేడెక్కేదాకా పోనిచ్చి, వెనక్కి మళ్ళడానికి రోడ్డుకి అడ్డంగా తిప్పుతుండగా అది దగ్గి ఆగింది. లారీ వస్తోంది. ఈసారి నాకు తెలుసు, కాళ్ళు ముందే దించి ఉంచాను. అతనికి తెలియదు. రెండు చేతులతో నా నడుం పట్టేసి, "అమ్మా" అన్నాడు. లారీ మమ్మల్ని తప్పించుకుని పోయింది. రోడ్డు పక్కకి చేరాక అతను దిగి, ప్యాంటు దుమ్ము దులుపుకోవడం కూడా మరిచి, "ఒగ్గేసిందండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. గెలిచానని సంబరపడ్డాను.

అన్నట్టే ఆ పూటే రాశాడు. వారం లోపే కొత్త ఇంజెక్టర్ వచ్చింది, వేశారు. విజయనగరం నుంచి అరసవల్లి దాకా ఆగకుండా వచ్చాను. బండి బాగయ్యాకే చెబుదామని దాచుకున్న కథంతా ఇంట్లో అడుగుపెడుతూనే మా ఆవిడకి చెప్పాను. అడ్వైజర్ అమ్మా అనడం, నడుం పట్టుకోవడం అభినయించి మరీ చూపించాను. ఆమె నవ్వలేదు.

"కాళీ రోడ్డు ఉన్నాది కదేటి, అందులోకి ఎందుకు తిప్పలేదు?"

"అలాగైతే గానీ వాడికి తెలిసిరాదు."

"ఏటి తెలవాలి? నాను పడ్డ బయం ఆడూ పడాలనా? ఆడికీ ఇంటికాడ ఎవులో ఉంటారు బావా."

నాకు కోపమొచ్చింది. ఇంత తిరిగింది నీకోసమే కదా అన్నాను. ఆమె లోపలికెళ్ళిపోయింది. రాత్రి అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే, ఆ మలుపు దగ్గర నేను ఒక్క క్షణం ఆలోచించే తిప్పాను. అది గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

మర్నాడు పొద్దున్నే షోరూముకి ఫోన్ చేశాను. బండి బాగుందని చెప్పి, ఆ రోజు నేను చేసింది తప్పు, మన్నించమన్నాను.

"అయ్యో, పర్లేదండి" అన్నాడు అతను. నేను ఫోన్ పెట్టేయబోతుంటే, "ట్రయల్‌కి వేరేవాళ్ళని పంపుతున్నానండి ఇప్పుడు. ఎవరి వెనకాలా ఎక్కలేకపోతున్నానండి" అన్నాడు.