పురిటి వాగు

చెత్తడబ్బా మూత ఎత్తి చూడాల్సిన పని సుబ్బులుకి లేదు. కానీ ఈగలు అంతగా ముసురుతుంటే చూడకుండా పోయే మనిషి కాదు. చూసింది. చూసి, చేతిలోని గాలపు కర్ర గడ్డిలో పడేసింది.

డబ్బా నిండా చేపలు. ఒక్కోదానికీ పొట్ట నిలువునా చీల్చి ఉంది. లోపల జన లేదు. జన అంటే చేప గుడ్లు, గోదావరి వైపు అలాగే అంటారు. ఆ గుడ్ల తిత్తి ఒక్కటీ లాక్కుని, మిగతా చేపని తలా కండా అంతా అలాగే డబ్బాలో కుక్కి పోయారు. పైన ఇండియన్ షాపు సంచీ, సగం తిన్న మిక్చర్ పొట్లం. ఇది ఇంకెవరి పనో అనుకుని సర్దిచెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా చేశారు మహానుభావులు!

“ఏవండీ! ఒక్కసారి ఇటు రండి!” అని కారు వైపు కేకేసింది.

ఆవిడ మొగుడు కోటేశ్వరరావు అద్దం బెత్తెడు దించాడు. రిటైరైన దగ్గర్నుంచి ప్రతి శనివారం ఆవిణ్ణి ఇక్కడికి డ్రైవ్ చేసుకొచ్చేది ఆయనే. కానీ కారు దిగడు. ఆయనకి నీళ్ళంటే భయం, దోమలంటే ఇంకా భయం.

“దోమలున్నాయే,” అన్నాడు.

“మనుషులున్నారండీ ఇక్కడ. దోమలు నయం!”

వాళ్ళుండే ఇర్వింగ్ నుంచి హైవే ఎక్కి పైకి పోతే పెద్ద లేక్ ఒకటుంది. చెట్ల మధ్య నుంచి ఒక సన్నటి వాగు వచ్చి అందులో కలుస్తుంది. చలి తగ్గి చెట్లు చిగుళ్ళేసే రోజుల్లో, ఒంటిమీద నల్లచారలుండే వెండిరంగు చేపలు లేక్‌లోంచి ఆ వాగులోకి ఎదురీదుకుంటూ వస్తాయి, గుడ్లు పెట్టడానికి. సుబ్బులు మొదటిసారి చూసినప్పుడు వాగు నీళ్ళు ఎసట్లో నీళ్ళలా కుతకుతలాడుతున్నాయి. అప్పట్నుంచి ఏ ఏడూ ఆవిడ ఆ రోజులు తప్పలేదు. ఈ ఏడు మాత్రం కిందటి శనివారమూ అంతే, ఈ శనివారమూ అంతే. వేసిన ఎర వేసినట్టే పైకొస్తోంది. ఎందుకు రాదు మరి? రావాల్సినవి డబ్బాలో ఉన్నాయి.

సుబ్బులుది తాళ్ళరేవు. చేప మొప్ప ఎత్తి చూసి అది ఎప్పటిదో చెప్పగలదు గానీ, పెళ్ళయ్యేదాకా గాలం పట్టిన చెయ్యి కాదు. ఇర్వింగ్ వచ్చాకే పట్టింది. మొగుడి వీసా మీద వచ్చిన కొత్తలో ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు, పొద్దున తలుపేసుకుంటే సాయంత్రం దాకా మనిషి మొహం ఉండదు. మాటాడకుండా ఉండలేని మనిషికి అది ఎంత శిక్షో ఆలోచించండి. అపార్ట్‌మెంట్ వెనకాల కాలవగట్టు మీద రోసా అని మెక్సికన్ ముసలావిడ గాలం వేసుకుని కూర్చునేది. సుబ్బులు వెళ్ళి పక్కన కూర్చుంది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి స్పానిష్ రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. అయినా ఊరి సంగతులన్నీ మాటాడుకున్నారు.

సుబ్బులుకి మొదటి చేప పడ్డప్పుడు సంబరంగా చెయ్యి చాపితే రోసా ఆ చేతి మీద ఒక్కటేసింది. మణికట్టు పట్టి నీళ్ళలో ముంచి, అప్పుడు పట్టుకోమంది. చేప ఒంటిమీద జిగురుంటుంది. పొడిచేత్తో పట్టుకుంటే అది ఊడొస్తుంది. తర్వాత నీళ్ళలో వదిలినా ఒళ్ళు పుండై చచ్చిపోతుంది. వదలాలనిపించే చేప ఎప్పుడు పడుతుందో ముందు తెలీదు కాబట్టి, ముందే చెయ్యి తడుపుకోవాలి. రోసా దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది. ఆ తర్వాత ఏటేటా లైసెన్స్, సొంత గాలం, నెత్తిన గడ్డిటోపీ, చీరకింద బూట్లు. చూసి నవ్వినవాళ్ళు నవ్వారు. పులుసు గిన్నె మూత తీసినప్పుడు మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

అసలు గొడవ ఆ గిన్నె దగ్గరే మొదలైంది. ఒక ఏడు పద్మనాభం ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ అయితే, సుబ్బులు ఉల్లిపాయా అల్లం పచ్చిమిర్చీ వేసి జన ఇగురు చేసి పట్టుకెళ్ళింది. పద్మనాభం అక్కడి తెలుగు సంఘానికి ప్రెసిడెంటు, ఏదో కంపెనీలో మేనేజరు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, “అక్కా, ఇది ఎక్కడ పట్టావు? ఎప్పుడు పట్టావు?” అన్నాడు. ఆవిడ చెప్పింది. అడిగితే చెప్పకుండా ఉండడం ఆవిడకి చేతకాదు. మర్నాటికి వాట్సాప్‌లో ‘గాలం గ్యాంగ్’ అని గ్రూపు లేచింది. ఆ తర్వాత పద్మనాభం పడవ కొన్నాడు, నీళ్ళ కింద చేపల్ని చుక్కల్లా చూపించే స్క్రీన్ కొన్నాడు. ఏటేటా వాగుగట్టు మీద చేపలు నింపుకునే ఐస్ కూలర్లు పెరిగాయి. మగచేప పడితే మొహం ముడుచుకోవడం, పొట్ట చేప పడితే ఫొటో. అలా వచ్చి వచ్చి, ఇదిగో, చెత్తడబ్బా దాకా వచ్చింది.

సుబ్బులు డబ్బాలోంచి ఒక చేప తీసి పేపర్లో చుట్టింది.

“పోనీండి కారు, పద్మనాభం ఇంటికి.”

“వాసనే!”

“కొట్టనివ్వండి.”

తలుపు తీసింది పద్మనాభం భార్య మనీషా. “పిన్నీ, రండి, కాఫీ...” అనేలోపు సుబ్బులు వంటింట్లోకి పోయి, నల్లగా మెరిసే గ్రానైట్ గట్టు మీద పొట్లం విప్పింది.

“ఏంటక్కా ఇది, గ్రానైట్ మీద!” పద్మనాభం ముక్కు మూసుకున్నాడు.

“నీ గ్రానైట్ కడిగితే పోతుంది. ఇదెవరి పనో చెప్పు.”

“మనవాళ్ళే అయ్యుంటారు. కుర్రాళ్ళకి పొలుసు తీయడం రాదక్కా, ముళ్ళంటే భయం. జనకైతే శ్రమ లేదు కదా.”

“శ్రమెందుకుండదూ! మోసింది అది, కోసింది మీరు.”

“అక్కా, కోప్పడకు. అందరికీ లైసెన్స్ ఉంది. ఎన్ని పట్టొచ్చో గవర్నమెంటే చెప్పింది. మేం రూల్ దాటలేదు.”

“పట్టి పారేయమని కూడా చెప్పిందా గవర్నమెంటు?”

పద్మనాభం మెడ గోక్కున్నాడు. “అది తప్పేలే. గ్రూపులో మెసేజ్ పెడతాను.”

“నీ మెసేజ్ చూసి చేపలొస్తాయా వాగులోకి? ఒక్కటి రావడం లేదు తెలుసా!”

“లేక్ సముద్రంలా ఉందక్కా. మనం పట్టేవాటికి తరిగిపోతుందా? నా స్క్రీన్ చూడు, చుక్కలే చుక్కలు.”

“చుక్కలు గుడ్లు పెట్టవు, పద్మనాభం!”

మనీషా నవ్వు ఆపుకోవడానికి ఫ్రిజ్ తలుపు తీసి దాని వెనకాల నిలబడింది. ఫ్రీజర్ నిండా జన పొట్లాలు. సుబ్బులు చూసింది. ఆవిడ చూడడం మనీషా కూడా చూసింది.

“తినేదెవరు పిన్నీ,” అంది చిన్నగా. “తెచ్చి పడేస్తారు.”

పద్మనాభం గొంతు సవరించుకున్నాడు. ఉగాది వెళ్ళిన ఆదివారం లేక్ దగ్గర సంఘం పిక్నిక్ పెట్టుకున్నారట. అందులో పోటీ, ఎవరి పొట్ట చేప ఎక్కువ తూగితే వాళ్ళకి కప్పు. తర్వాత సుబ్బులక్క చేతి జన ఇగురు. ఫ్లయర్‌లో ఆవిడ పేరు కూడా వేసేశారు. ఆవిణ్ణి అడగనైనా అడక్కుండా!

“ఆ పోటీ మానేయండి,” అంది సుబ్బులు. “ఈ ఒక్క నెల వాగు జోలికి పోకండి. తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు పట్టుకోండి, నేనే శుభ్రం చేసి పెడతాను.”

“ఫ్లయర్ వెళ్ళిపోయిందక్కా. అయినా ఈ రుచి మాకు నేర్పిందెవరు? నువ్వే కదా!”

సుబ్బులు చేపని మళ్ళీ చుట్టుకుని వచ్చి కార్లో కూర్చుంది.

“ఏమన్నాడే?” అన్నాడు కోటేశ్వరరావు.

“నిజం అన్నాడు వెధవ. అదే మండుతోంది.”

ఇంటికొచ్చాక ఫోన్ తీసింది.

“పద్మనాభం, వంట నాదే. ఇగురు కాదు, పులుసు పెడతాను. మా తాళ్ళరేవు పులుసు.”

“అదీ మా అక్కంటే!” అన్నాడు ఆ అమాయకుడు.

పిక్నిక్ నాడు సుబ్బులు పొద్దున్నే లేక్ ఒడ్డున పిక్నిక్ షెడ్డు కింద గ్యాస్ పొయ్యి పెట్టించుకుని పెద్ద గిన్నె ఎక్కించింది. చిక్కటి చింతపండు రసం, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, లేత బెండకాయలు, పుల్లమామిడి ముక్కలు. చివర్లో దంచిన మెంతిపొడి జల్లేసరికి ఆ వాసన పార్కింగ్ లాట్ దాకా పోయింది. మూత దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. మగవాళ్ళంతా తెల్లారకుండానే వాగుకి పోయారు. తిరిగొచ్చేసరికి అందరూ పట్టినవీ కలిపి ఒకే తాడుకి సరిపోయాయి. మొప్పల్లోంచి తాడు గుచ్చి, తూకం దాకా బతికుండాలని ఒడ్డున నీళ్ళలో కట్టేశారు. కూలర్ల మూతలు పడనన్ని చేపలు దొరికిన వాగు అది! “ఇవాళ లక్ లేదు” అనుకున్నారే తప్ప, ఎందుకు లేదని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇంత చదువులు చదివిన బుర్రలు ఏ గట్టు మీద పెట్టి వచ్చారో మరి.

ప్లేట్లు పట్టుకుని లైన్ కట్టారు. ముందు కౌశిక్ అని, గ్యాంగ్‌లో అందరికన్నా హుషారైన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. గరిటె ముంచాడు.

“ఆంటీ, ముక్క తగల్లేదు.”

“కలుపు నాయనా, తగులుతుంది.”

“బెండకాయ తగిలింది.”

వెనకాల నవ్వులు. “లోపలికి పెట్టరా!” “తల నాకు వదిలిపెట్టు!” పద్మనాభం వచ్చి గరిటె లాక్కుని అడుగంటా తిప్పాడు. బెండకాయలు పైకొచ్చాయి, మామిడిముక్కలు పైకొచ్చాయి. నవ్వులు ఆగిపోయాయి.

“అక్కా... చేపేది?”

“చేపా? డబ్బాలో పారేశారుగా.”

“జోక్ చేయకక్కా. అందరూ ఆకలి మీదున్నారు.”

“జోకా? ఇంకో నాలుగేళ్ళకి మీ పిల్లలు తినబోయే పులుసు ఇదే. ముందుగా రుచి చూపిస్తున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి!”

“దీనికోసమా అంత దూరం ప్లేనో నుంచి వచ్చింది?” అని ఎవరో గట్టిగానే అన్నారు. ఇంకెవరో పిజ్జాకి ఫోన్ చేస్తున్నారు. పద్మనాభం మొహం కందగడ్డలా అయింది. “పదిమందిలో నా పరువు తీశావు. చేపల కోసం మనుషుల్ని అవమానిస్తావా?”

అప్పుడు లేచింది సుబ్బులు గొంతు.

“పరువా? పుట్టింటికి పురిటికొచ్చిన పిల్లలయ్యా అవి! నిండు నెలల పొట్ట మోసుకుని, అంత నీటికి ఎదురీది, ఆ చిన్న వాగులోకి ఎందుకొస్తున్నాయి? సుఖంగా ఒక్క కాన్పు చేసుకుని పోదామని. మీరు గుమ్మంలోనే కాచుకుని పొట్ట కోస్తారు. బిడ్డల్ని వేయించుకుంటారు, తల్లిని చెత్తలో పారేస్తారు. పైగా తూకం, పైగా కప్పు! అవునయ్యా, ఆ రుచి నేర్పింది నేనే. అందుకే నేనే అంటున్నాను. ఇక ఈ చేత్తో జన వండను. ఎవరి పొయ్యి మీదా వండనివ్వను!”

మనీషా ప్లేటు బల్ల మీద పెట్టింది.

మనీషా కాన్పుకి ఆవిడ తల్లికి వీసా ఇవ్వలేదు. అప్పుడు పచ్చిబాలింతని తన ఇంటికి తీసుకెళ్ళి, ఒంటికి నూనె రాసి, పిల్లకి సాంబ్రాణి వేసి, పత్యం వండి పెట్టింది సుబ్బులు. పిన్నీ అని ఊరికే పిలవదు మనీషా.

మనీషా చెప్పులు విడిచి నీళ్ళ దగ్గరికి పోయి, కుర్తా తడుస్తున్నా చూసుకోకుండా గొంతుక్కూచుని తాడు ముడి పట్టుకుంది.

“మనీషా! తూకం ఇంకా కాలేదు!” అన్నాడు పద్మనాభం.

“కాదు,” అంది మనీషా వెనక్కి తిరక్కుండానే. “ఇక కాదు.”

ముడి విప్పి, మొప్పల్లోంచి తాడు లాగేసింది. అన్నీ బతికాయని చెప్పడానికి లేదు. కొన్ని వెల్లకిలా తేలి, తేలినట్టే ఉండిపోయాయి. కొన్ని కాసేపు ఎటూ తోచనట్టు ఆవిడ కాళ్ళ దగ్గరే నిలబడి, ఒక్కసారి తోక విదిలించి వెళ్ళిపోయాయి. తూకం కాలేదు. బల్ల మీద మిగిలిపోయిన కప్పులో ఎవరో ఉల్లిపాయ ముక్కలు పోసి పెట్టారు. సగంమంది అలిగి పిజ్జా తిన్నారు. మిగతా సగం తిట్టుకుంటూనే పులుసు తిన్నారు. తిట్టుకున్నా గిన్నె మాత్రం అడుగుతో సహా నాకేశారు.

ఆ మరుసటి శనివారం సుబ్బులు వాగుగట్టు మీద కూర్చుని ఉంటే, పద్మనాభం వచ్చాడు. పడవ లేదు, స్క్రీన్ లేదు, చేతిలో ఒక గాలం. ఆవిడ చెత్తడబ్బా వైపు గడ్డం ఎగరేసి చూపించింది. పోయి మూత తీసి చూసి వచ్చాడు.

“ఖాళీయే అక్కా.”

“ఈ వారం ఖాళీ. వచ్చే వారం సంగతి చూద్దాం. నేను రోజూ వచ్చి చూస్తాను, చెప్పు నీ గ్యాంగ్‌కి.”

“రోజూ డ్రైవ్ చేసేదెవరే?” కార్లోంచి కోటేశ్వరరావు గొంతు.

చాలాసేపు నీళ్ళ మీద గాలపు బెండు కదల్లేదు. ఎండెక్కాక పద్మనాభం గాలం వంగింది. లాగాడు. నల్లచారల చేప, పొట్ట బిగిసి బుంగలా ఉంది. కూలర్ లేదు, తాడు లేదు. ఏం చేయాలో తెలీనట్టు ఆవిడ వైపు చూశాడు. చూసి, దాన్ని పట్టుకోబోయాడు.

సుబ్బులు ఆ చేతి మీద ఒక్కటేసింది.

“ముందు చెయ్యి తడుపుకో.”