మూత బాబాయి పావుగంట

ముందు మెట్ల మీద చప్పుడు వచ్చింది. ఠంగ్, కాసేపు ఆయాసం, మళ్లీ ఠంగ్. నాలుగో అంతస్తు దాకా మెట్లకమ్మీకి మూత తగులుతూనే ఉంది. ఆ తర్వాతే మనిషి కనిపించాడు.

ఎవరింట్లో వంట చేయబోయినా సొంత మూత చంకలో పెట్టుకుని వెళ్లేవాడు ఆయనొక్కడే. చికెన్ సూపులో పిండి ఉండలు వేశాక పావుగంట మూత తీయకూడదు. తీస్తే ఉండలు రాళ్లవుతాయి. ఊళ్లోవాళ్ల మూతల మీద ఆయనకు నమ్మకం లేదు. వాళ్ల మీద అసలే లేదు. అందుకే ప్రతి వంటకూ ఒక కాపలాదారుణ్ణి పెడతాడు. ఒకసారి మీటరు చూడ్డానికొచ్చిన కరెంటాయన్ని పొయ్యి ముందు కూర్చోబెట్టాడు. పాపం, ఆ వీధిలో మిగతా మీటర్లన్నీ మర్నాటికి వాయిదా పడ్డాయి. పని గడియారాల రిపేరు కాబట్టి, ఆయన పావుగంటలో అరసెకను తేడా ఉండదు. అసలు పేరేదో ఉండేది. అందరికీ మూత బాబాయే.

ఆ ఇంట్లో మూడు వారాలుగా పొయ్యి సరిగ్గా వెలగలేదు. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న గది దాటి రాలేదు, మాట్లాడలేదు. అమ్మాయి పొద్దున గదిలో పెట్టిన పళ్లెం సాయంత్రం అలాగే తిరిగొస్తోంది. కిటికీ అవతల సన్నటి వాన రోజంతా ఒకే వాక్యాన్ని చదువుకుంటోంది.

"నాన్న తినరు బాబాయ్. ఎందుకీ శ్రమ?"

"తినమని ఎవరన్నారు? నాకు కాపలాకి మనిషి కావాలి."

అలవాటు ప్రకారం ముందు వంటింటి గడియారం దించి, వెనక ఏదో తిప్పి, తగిలించాడు. వెన్నలో ఉల్లిపాయ, క్యారెట్ మగ్గించి, మైదా చల్లి, చికెన్ ఉడికిన నీళ్లు పోసి, మీగడ కలిపాడు. సూపు నిద్రలో గొణిగినట్టు ఉడికింది. పిండి చెంచాతో జారవిడిచి, మూత పెట్టి, గది తలుపు తట్టాడు.

"అన్నయ్యా, పావుగంట కాపలా కూర్చో. నాకు కాళ్లు లాగుతున్నాయి."

"పిల్ల ఉందిగా." గొంతు తుప్పు పట్టినట్టుంది.

"దానికి ఓపిక లేదు. మూత తీసేస్తుంది. అచ్చం నీ పోలిక."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నాన్న స్టూలు లాక్కుని పొయ్యి ముందు కూర్చున్నాడు. మూత సన్నగా వణికింది.

"ఆవిడ కూడా తీసేది," అన్నాడు నాన్న.

"ఎవరు, వదినా? ఎప్పుడు?"

"నువ్వు అటు తిరిగినప్పుడల్లా. ఇన్నేళ్లూ నీ ఉండలు రాళ్లయ్యాయంటే ఆవిడ చలవే."

"నేను పిండిని తిట్టుకున్నానే."

"మిగిలినవి పావురాలకి వేసేది. అవి ఒకసారి పొడిచి చూసి, వీధి మార్చేశాయి."

మాట వెనక మాట వచ్చింది. నాన్న మధ్యలో గడియారం చూశాడు. "ఇంకా తొమ్మిది నిమిషాలేనా అయింది?" అని మళ్లీ అందుకున్నాడు.

అమ్మాయి చేతిగడియారంలో అప్పటికే నలభై నిమిషాలు గడిచాయి. బాబాయి చేతిలో పనితనం పోయిందా అని ఆమెకు అనుమానం వచ్చింది. "బాబాయ్, గడియారం..." అనబోతే బాబాయి ఆమె కాలు తొక్కాడు.

మూత తీసేసరికి ఉండలన్నీ కరిగి సూపులో కలిసిపోయాయి. "ఇదేం గంజిరా?" అని విసుక్కుంటూనే నాన్న గిన్నె రెండోసారి చాపాడు.

బాబాయిని సాగనంపుతూ అమ్మాయి మెట్ల దగ్గర మూత అందించింది.

"అరసెకను తేడా రానివ్వవు కదా. గడియారాన్ని ఏం చేశావు?"

ఆయన మూత అందుకోలేదు. రెండు మెట్లు దిగి, తలెత్తాడు.

"రేపొచ్చి బాగుచేస్తాలే అమ్మలూ. అందాకా మూత నీ దగ్గరుంచు. కాపలాకి మాత్రం నాన్ననే కూర్చోబెట్టు."